పచ్చికలో పాతిన వైరు

సినిమా చూసేవాళ్ళకు తిరుమలేశ్ పని కనిపించదు. కనిపించకపోవడమే అతని పని. తెర మీద వరండాలో లాంతరు వెలుగుతుంది, పూలకుండీ చాటున ఫ్యాను తిరిగి హీరోయిన్ కొంగు ఎగురుతుంది, దేవుడి గూట్లో దీపం మిణుకుమంటుంది. వీటన్నిటికీ కరెంటు ఎక్కణ్నుంచో రావాలి కదా. ఆ వైరును కెమెరా కన్ను పడకుండా మాయం చేసేవాడు తిరుమలేశ్. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికైనా వైరు అడ్డం వచ్చిందంటే ముందు పలికే పేరు అతనిదే.

అతనిది జనగామ దగ్గర పల్లె. పట్నం వచ్చిన కొత్తలో యూసుఫ్‌గూడలో ఒక టెంట్‌హౌస్‌లో చేరి పెళ్ళిళ్ళకు సీరియల్ బల్బులు కట్టేవాడు. అక్కడ వైరు చెట్టుకు వేలాడినా, గోడ మీద పాకినా అడిగేవాడు లేడు. సినిమాల్లోకి వచ్చిన మొదటి ఏడాదే అతనికి పెద్ద దెబ్బ తగిలింది. రాజుల కాలం నాటి కోటలో సన్నివేశం. రోజంతా తీశాక చూసుకుంటే సింహాసనం పక్కనుంచి తెల్లటి వైరు దర్జాగా బయటికి పాకుతోంది. ఆ రోజు యూనిట్ మొత్తం ముందు తిన్న తిట్లు తిరుమలేశ్ ఇప్పటికీ వరస తప్పకుండా అప్పజెప్పగలడు. అప్పట్నుంచి వైరంటే అతనికి ఒకటే లెక్క. కనిపించిందా, తప్పు. కనిపించలేదా, ఒప్పు. ఇంకో ప్రశ్న అతనికి తట్టలేదు.

కృష్ణానగర్‌లో వాళ్ళుండే గదిలో కూడా ఒక్క వైరు కనిపించదు. ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు తలుపు పక్కన. కూలరు పెట్టింది వెనక వసారాలో. నడుమ వైరు చాప కింద నుంచి వెళ్తుంది. ఆ చాప మీదే పడుకునే అతని భార్య కౌసల్య ఈ సంగతి ఎత్తడం కొత్తేమీ కాదు.

"ఏమయ్యా, గీ చాప కింద ఎచ్చగైతున్నది. ఒకపారి లేపి చూడరాదు?"

"ఎండకాలంల ఎచ్చగ గాక సల్లగుంటదా?"

"వానలు పడవట్టె, ఇంకెక్కడి ఎండకాలం?"

అతను నవ్వి చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. ఇంటి ముచ్చట్లు చెవిన పెట్టేవాడు కాదు. అందులోనూ వైర్ల గురించి ఒకళ్ళు తనకు చెప్పడమేమిటని అతని ధీమా.

ఆ రోజు షూటింగు జూబ్లీహిల్స్‌లో పుష్పవల్లి గారి బంగళాలో. సినిమాలకు కిరాయికిచ్చే ఇల్లది. ఆ హాలు ఎందరో మంత్రులకు నివాసమైంది, ఆ మెట్ల మీద ఎందరో విలన్లు దొర్లారు. పుష్పవల్లి గారు పెట్టే షరతు ఒకటే. తడికాళ్ళతో ఎవరూ ఇంట్లోకి రాకూడదు. వానపాట అని తెలిసినప్పట్నుంచి ఆవిడ ఆ మాటే కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నారు.

పాట మొదటి భాగంలో వాన వరండా మీద మాత్రమే పడుతుంది. ఎదురుగా పచ్చికలో వరసగా లాంతర్లు వెలుగుతుండాలి. లాంతర్లలో బల్బులు. పచ్చికకు ఒక పక్కన రాతిపలకలు పరిచిన బాట.

"తిరుమలేశ్, లాంతర్లు వాటంతట అవే వెలిగినట్టుండాలయ్యా. వైరు కనిపించిందంటే ఋత్విక్ గారు నన్ను బతకనివ్వరు," అన్నాడు ఆర్ట్ డైరెక్టర్ చంద్రశేఖర్. ఋత్విక్ ఆ సినిమా దర్శకుడు.

గేటు బయట జనరేటర్ బండి చూసుకునే వెంకటేశ్వరరావు ఆ మాట విని నల్లటి రబ్బరు కేబుల్ చుట్ట భుజాన వేసుకొచ్చాడు. బొటనవేలంత లావుంది.

"ఇది వేసెయ్. ఆరుబయట వాడే రకం, లోపల మూడు పోగులు, ఎర్తుతో సహా. ఎక్కడా అతుకు లేదు. పైగా నా బండిలో పెట్టె ఉంది, కరెంటు కాస్త లీకైందంటే దానంతట అదే ఆగిపోతుంది."

తిరుమలేశ్ దాన్ని గడ్డి మీద పరిచి దూరం వెళ్ళి చూశాడు. నల్లటి గట్టులా లేచి కనిపించింది.

"గిది దాగదన్నా."

"దాగకపోతే ఏం? పైనే ఉండనీ. కెమెరా కాస్త పక్కకు జరుపుకుంటారు."

తిరుమలేశ్‌కు నవ్వొచ్చింది. వైరు కోసం కెమెరా జరగడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సంచీలోంచి తన వైరు తీశాడు. సన్నటిది, పచ్చటిది, రెండే పోగులు. పెళ్ళి ఇళ్ళలో హాలు లోపల చిన్న బల్బులకు కట్టుకునే రకం. కరెంటు సామాన్లమ్మే ట్రూప్‌బజార్‌లో అన్ని దుకాణాలూ తిరిగి అదే కొన్నాడు. ఏ వైరు ఎంత కరెంటు మోస్తుంది, ఎండకూ వానకూ తట్టుకుంటుందా అని అడగలేదు. చేతిలో గడ్డిపోచలు పట్టుకెళ్ళి రంగు కలిపి చూసుకున్నాడు. చీరకు జాకెట్టు ముక్క కొన్నట్టు కొన్నాడు వైరును.

పొడవు చాలక మధ్యలో ఒకచోట అతుకు వేశాడు. పోగులు మెలిపెట్టి, పచ్చ టేపు చుట్టాడు.

"ఇది బయట వాడేది కాదు తిరుమలేశూ. పైగా అతుకు," అన్నాడు వెంకటేశ్వరరావు.

"వాన వరండ మీదనే గదన్నా. గీడ అంత పొడి."

"పొడిగా ఉన్నంతసేపే. తడి తగలనివ్వకు మరి." ఆయన కేబుల్ మళ్ళీ భుజాన వేసుకుని గేటు బయటికి వెళ్ళిపోయాడు.

తిరుమలేశ్ బ్లేడుతో పచ్చికను సన్నగా కోశాడు. ఆ చీలికలోకి వైరును వేలితో నొక్కుతూ, పైన గడ్డిని మళ్ళీ దువ్వుతూ వెళ్ళాడు. ఇంటి పక్కన పూలమడిలో మట్టి కప్పి, గోడలో నీళ్ళు పోయే కన్నంలోంచి లోపలికి దూర్చి, పుష్పవల్లి గారి వెనకగదిలో ప్లగ్గు పెట్టాడు. జనరేటర్ అక్కర్లేదు, బండి నుంచి గీడిదాకా లాగే పనీ లేదు అనుకున్నాడు. బండిలోని పెట్టె కాపలా కూడా ఈ వైరుకు ఉండదన్నది తట్టలేదు. లాంతర్లు వెలిగాయి. చంద్రశేఖర్ పచ్చిక మీద అటూ ఇటూ తిరిగి, వంగి చూసి, "ఎక్కడుందయ్యా వైరు?" అన్నాడు. ఆ ప్రశ్న వినడం కోసమే తిరుమలేశ్ బతుకుతాడు. కడుపు నిండినట్టు నవ్వాడు.

మొదటి షాటు పొడిగానే అయిపోయింది. ఆ తరువాత ఋత్విక్ కుర్చీలోంచి లేచి పచ్చిక వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. అలా నిలబడ్డాడంటే ఎవరికో పని పెరుగుతుందని యూనిట్‌లో అందరికీ తెలుసు.

"వాన లాన్ మొత్తం మీద పడాలి. ఆ అమ్మాయి వరండా దిగి లాంతర్ల మధ్య ఆడాలి. చెప్పుల్లేకుండా. పైపులు ఇటు తిప్పండి, లైట్ పోతోంది, ఫాస్ట్."

తడి తగలనివ్వకన్న వెంకటేశ్వరరావు మాట తిరుమలేశ్‌కు గుర్తొచ్చింది.

ట్యాంకరు పైపులు లాక్కొచ్చి పచ్చిక చుట్టూ నిలబెట్టారు. చంద్రశేఖర్‌కు అప్పుడు గుర్తొచ్చి దగ్గరికొచ్చాడు. "వైరుకి ఏం కాదుగా?"

అవుతుందని చెప్పే అవకాశం అదే. కానీ అవుతుందంటే పచ్చిక మళ్ళీ కోయాలి, వైరు పీకాలి, వెంకటేశ్వరరావు కేబుల్ తెచ్చి పరచాలి. అది దాగదు. వెలుతురు తగ్గిపోతోంది. అందరూ తననే చూస్తున్నారు. ఇందాకే మెచ్చుకున్న మనిషి ముందు తన పనితనం మీద తనే మన్ను పోసుకోవాలి.

"ఏం గాదు సార్. అతుకుకు ప్లాస్టిక్ కవర్ సుట్టిన."

కవరు చుట్టింది నిజమే. పాల ప్యాకెట్టు కత్తిరించి చుట్టాడు. ఏం కాదన్నదే అబద్ధం. అది అబద్ధమని చెబుతున్నప్పుడే అతనికి తెలుసు.

వర్ణిక మధురానగర్ అమ్మాయి. ఇదే ఆమెకు మొదటి సినిమా. వాన పడుతుండగా వరండా మెట్లు దిగి, లాంతర్ల మధ్య తిరిగి, రాతిబాట దాకా వచ్చి ఆగాలి. వానతోనే ఒక రిహార్సల్ అయ్యాక కుర్చీలో కూర్చుని కుడి అరికాలు రుద్దుకుంటూ, పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ తిరుమలేశ్‌ను అడిగింది.

"అన్నా, గడ్డిలో చీమలున్నాయా? ఒకచోట కాలు పెడితే జివ్వుమంటోంది."

అటుగా పోతున్న అసిస్టెంట్ డైరెక్టర్ ఒకడు, "ట్యాంకర్ నీళ్ళు మేడం, చల్లగా ఉంటాయి," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"చీమైతే దద్దురు లేవాలిగా. ఏమీ లేదు," అంది వర్ణిక తనలో తను అనుకున్నట్టు. కొత్తపిల్ల. మొదటి సినిమాలోనే కాలు నొప్పి, కడుపు నొప్పి అంటే మళ్ళీ పిలవరని ఎవరో చెప్పే ఉంటారు. లేచి మేకప్ సరిచేసుకోవడానికి వెళ్ళింది.

అది చీమ కాదని తిరుమలేశ్‌కు తెలిసిపోయింది. పాల కవరులోకి నీళ్ళు దిగాయి. ఇప్పటికి జివ్వుమన్నది. నేల ఇంకా నానితే, ఆ అమ్మాయి సరిగ్గా దాని మీదే నిలబడితే, ఆపైన అతని ఆలోచన సాగలేదు.

అతుకు ఎక్కడ వేశాను? పచ్చిక కేసి చూశాడు. ఏదో ఒక లాంతరు దగ్గర. ఈ చివరదా, నడిమిదా? కోసిన గీత కోసం కళ్ళు చించుకుని వెతికాడు. పచ్చిక పొడుగునా ఒక్కతీరుగా పరుచుకుని ఉంది. ఎంత బాగా దువ్వాడంటే, దువ్విన చెయ్యే ఇప్పుడు పోల్చుకోలేకపోతోంది. ఇన్నేళ్ళుగా ఏ పనితనానికి పొంగిపోయాడో, అదే అతన్ని గుడ్డివాణ్ని చేసింది.

ప్లగ్గు పీకితే సరి. గొడుగు పడేసి ఇంటి వెనక్కు పరుగెత్తాడు. వెనకగది తలుపు లోపల గడియ వేసి ఉంది. పచ్చిక మొత్తం తడుస్తుందని తెలియగానే పుష్పవల్లి గారు తడికాళ్ళ భయంతో తలుపులన్నీ బిగించుకుని మేడ మీదికి వెళ్ళిపోయారు.

"అమ్మా, తలుపు తియ్యిండ్రమ్మా, అమ్మా." అరిచేతులతో బాదాడు.

అదే సమయానికి ముందు వైపు నుంచి పాట మొదలైంది. స్పీకర్లు బంగళా గోడలు అదిరేటట్టు మోగాయి. షాటు నడుస్తోంది. తలుపు బాదుతున్న చప్పుడు అతనికే వినిపించలేదు.

వైరు కోసేద్దామని గోడ కన్నం దగ్గరికి పరుగెత్తాడు. పూలమడిలో మట్టి కప్పిందీ తనే. కత్తెర సంచీలో, సంచీ కెమెరా వెనకాల. ఉత్త చేతులతో మట్టిలోకి వేళ్ళు పెట్టబోయి తడి తగిలి వెనక్కి లాక్కున్నాడు. వెంకటేశ్వరరావు గేటు అవతల ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పి తీసుకొచ్చేసరికి పాట ముగుస్తుంది.

ఇంటి మూల తిరిగి ముందుకొచ్చాడు. వాన కుండపోతగా కురుస్తోంది. వర్ణిక మెట్లు దిగుతోంది.

"కట్! కట్ చెయ్యిండ్రి!"

ఎవరూ తల తిప్పలేదు. వాన హోరులో, పాట హోరులో అతని గొంతు ఎవరికీ చేరలేదు. యూనిట్‌లో ఆ మాట అనే హక్కు ఒక్క దర్శకుడిది. షాటు నడుస్తుండగా ఫ్రేములోకి నీడ పడినా ఆ మనిషికి మర్నాడు పని ఉండదు. ఎన్నో ఏళ్ళుగా తిరుమలేశ్ ఫ్రేములో వేలు కూడా పడనివ్వలేదు.

అతను ఆగాడు. అది ఒక్క చరణం పాటు కూడా కాదు, ఒక పల్లవి పాదమంతసేపు. ఆ కాస్తసేపట్లో అతని బుర్రలోకి వచ్చింది ఆ అమ్మాయి కాదు. పోయేది నా పేరు, అని వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు తరువాత అతను తనను తాను క్షమించుకోలేదు. వర్ణిక కాలు గడ్డి అంచున ఆనింది.

తిరుమలేశ్ రాతిబాట మీద నుంచి నేరుగా ఫ్రేములోకి పరుగెత్తాడు. రెండు చేతులూ ఎత్తి కెమెరాకు ఎదురుగా నిలబడ్డాడు.

"మేడం, ఎన్కకు పో. మెట్టెక్కు. గడ్డి మీదికి రాకు."

వర్ణిక బెదిరిపోయి మెట్టు మీదికి ఎగిరింది. ఋత్విక్ ఏదో అరుస్తున్నాడు. పాట ఆగింది. తిరుమలేశ్‌ను లాగి అవతల పారేద్దామని కెమెరా వైపు నుంచి మనుషులు పచ్చిక మీదుగా రాబోయారు. అప్పుడు పడ్డంత భయం అతను అంతకుముందెప్పుడూ పడలేదు.

"రాకుండ్రి! ఎవ్వలూ గడ్డి తొక్కకుండ్రి. కింద కరెంటున్నది."

అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. పైపుల్లో నీళ్ళు కట్టేశారు. చూరు నుంచి కారే చుక్కల చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ నిశ్శబ్దానికే కాబోలు పుష్పవల్లి గారు మేడ మీద కిటికీ తెరిచి, "ఏమైందండీ?" అన్నారు.

"ఎన్కరూము తలుపు తియ్యమ్మా, నీ కాల్మొక్త."

ఆవిడ దిగొచ్చి గడియ తీసేదాకా తిరుమలేశ్ రాతిబాట మీదే చేతులు చాచి కాపలా నిలబడ్డాడు. ఈలోగా ఎవరో పిలిస్తే వెంకటేశ్వరరావు వచ్చి, వెనకగదిలోకి వెళ్ళి ప్లగ్గు పీకాడు. లాంతర్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. తిరుమలేశ్ అప్పుడు చేతులు దించాడు.

"ఏం కాదన్నావు కదయ్యా," అన్నాడు చంద్రశేఖర్. గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

"అబద్ధం జెప్పిన సార్. నల్ల కేబులేస్తే కానొస్తదని జెప్పలే."

అతుకు వెతకడానికి పచ్చిక మీద మోకాళ్ళ మీద పాకాడు. వేళ్ళతో గడ్డి పాయలు తీశాడు. ఈ లాంతరు దగ్గర లేదు. ఆ లాంతరు దగ్గర లేదు. యూనిట్ మొత్తం చూస్తోంది. దాచినవాడికి దొరకడం లేదు.

వర్ణిక మెట్లు దిగి వచ్చింది. వెంకటేశ్వరరావు వైపు చూసి, ఆయన పర్లేదన్నట్టు తలూపాక, పచ్చిక మీద అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నడిచి ఒకచోట ఆగింది. కుడికాలి బొటనవేలితో చూపించింది.

"ఇక్కడే అన్నా."

అక్కడే ఉంది. పాల కవరు నీళ్ళతో ఉబ్బిపోయి ఉంది. విప్పితే టేపు జారిపోయింది, రాగి పోగులు నల్లబడి బయటికి తేలాయి. తిరుమలేశ్ తల ఎత్తి ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాడు. ఆ కాలే చూస్తూ ఉండిపోయాడు. తెల్లటి పాదం, పారాణి సగం కడుక్కుపోయింది.

తరువాత జరిగింది చాలా చిన్న పని. పచ్చ వైరు మొత్తం పీకేశారు. వెంకటేశ్వరరావు నల్లటి కేబుల్‌ను రాతిబాట వారగా, నేల మీదే, అందరికీ కనిపించేటట్టు పరిచాడు. లాంతర్లకు కలిపే ప్లగ్గులు నీళ్ళు తగలకుండా, చిమ్ములు కూడా పడకుండా, ఎత్తుపీట మీద మూతపెట్టెలో పెట్టాడు. పెట్టె మీద మీట నొక్కి కరెంటు దానంతట అది ఆగుతోందా లేదా అని ముందే చూసుకున్నాడు. కెమెరాను కాస్త ఎడమకు జరిపారు. ఋత్విక్ టీ తాగే లోపల అయిపోయింది. ఫ్రేములో కేబుల్ లేదు. వైరు కోసం కెమెరా జరిగింది, ప్రపంచమేమీ తలకిందులు కాలేదు. ఆ సంగతే తిరుమలేశ్‌ను అన్నిటికన్నా ఎక్కువగా కోసింది. ఇన్నాళ్ళలో తను ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది.

"మళ్ళీ ఆడొచ్చా అన్నా?" అని అడిగింది వర్ణిక. దర్శకుణ్ని అడగలేదు, అతన్నే అడిగింది.

తిరుమలేశ్ పైపుల వాళ్ళ వైపు తిరిగాడు. వాన మొదలుపెట్టమన్నాడు. లాంతర్లు వెలిగించమన్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆమె ఎక్కడెక్కడ అడుగు పెట్టాలో అక్కడంతా ముందు తను నడిచాడు. మెట్ల దగ్గర్నుంచి, లాంతర్ల మధ్యనుంచి, రాతిబాట దాకా. అలా నడవడం అవసరం లేదని వెంకటేశ్వరరావుకు తెలుసు, అయినా ఆపలేదు. రెండోసారి అతను ఫ్రేములో నిలబడ్డప్పుడు ఎవరూ అరవలేదు.

చీకటి పడ్డాక కృష్ణానగర్‌లో ఆటోల మధ్యనుంచి ఇంటికి చేరేసరికి కౌసల్య చాప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. వసారాలో కూలరు తిరుగుతోంది. తిరుమలేశ్ చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ఎచ్చగ తాకేది ఏడ? సూపియ్యి."

కౌసల్య అతని మొహం చూసింది. ఎగతాళి చేస్తున్నాడా అనుకుంది. అతని కళ్ళు చూశాక చేట పక్కన పెట్టింది. వెతుక్కోలేదు, తడుముకోలేదు. దిండు పెట్టుకునేచోట నేరుగా అరచెయ్యి ఆనించింది.

"గీడ."

తిరుమలేశ్ ముందు ప్లగ్గు పీకాడు. ఆ తరువాత చాప ఎత్తాడు. కింద వైరు నొక్కుకుపోయి, మెత్తబడి, గచ్చుకు అంటుకుని ఉంది. చాప అడుగున ఆమె అరచేతి అంత మేర గోధుమరంగు కాలిన మచ్చ. పైకి ఇంకా రాలేదు. రావడానికి ఒక్క పొర మిగిలింది.

"ఎన్నిసార్లు జెప్పిన నీకు," అంది కౌసల్య మెల్లగా.

అవును, చెప్పింది. ఇవాళ ఒకసారి చెప్పిన పరాయి పిల్ల మాట విన్నాడు. రోజూ చెప్పిన మనిషి మాట వినలేదు. అతను ఆ మచ్చ మీద చెయ్యి పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది.